పానం కాదు, ప్రాణం

నిన్న సాయంత్రం చపాతీలు వత్తుతుంటే మా పెద్దది వచ్చి వెనకాల నిలబడింది. మూడో తరగతి. "అమ్మా, నా పానం మంచిగ లేదు" అంది.

నేను వెనక్కి తిరగలేదు. "పానం కాదు, ప్రాణం. అసలు అట్లా అనకూడదు. 'ఒంట్లో బాగాలేదు' అనాలి. ఏదీ, అను" అన్నాను.

తర్వాత పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో ముక్కా విడదీసి, "ఒంట్లో, బాగా, లేదు" అంది.

నాకు భయం వేసింది అప్పుడే. దాని నుదురు ముట్టుకున్నాక కాదు, ముట్టుకోకముందే. "ఏదీ, అను" అన్న గొంతు నాది కాదు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నా వంటింట్లోకి, నా నోట్లోకి అది ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. పిండి చేత్తోనే దాని నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది. ఆ వేడికి పిండి నుదుటి మీద అంటుకుపోయింది. అంత జ్వరంతో నిలబడి, నేను అనమన్న వాక్యం సరిగ్గా అని, ఇంకేమైనా దిద్దుతానేమోనని నా మొహంలోకి చూస్తోంది.

మా ఆయన కరెంటు లైన్‌మన్. నవీపేట్ దిక్కు తీగలు తెగిపోయాయని మధ్యాహ్నమే వెళ్ళాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఊరంతా జ్వరాలే ఉన్నాయి, మందు వెయ్యండి, తెల్లారేసరికి తగ్గకపోతే రక్తం పరీక్ష చేద్దాం అన్నాడు. ఊరంతా జ్వరాలుంటే నా బిడ్డ జ్వరం చిన్నదవుతుందా? మందు వేసి, తడిగుడ్డ వేసి, పక్కన కూర్చుని ఫోన్ చూశాను.

డిగ్రీలో కలిసి చదివినవాళ్ళ గ్రూపు ఒకటి ఉంది. ప్లాట్ల అమ్మకాలు, పిల్లల పుట్టినరోజులు తప్ప అందులో ఏమీ రాదు. నిన్న ముప్కాల్ నుంచి ఒకతను, ఇప్పుడు పసుపు పండిస్తున్నాడు, ఇలా పెట్టాడు: "ఫ్రెండ్స్, మన బోధన్ సార్ పానం పోయిందంట."

దాని కింద ఇంకొకడు: "పానం కాదురా, ప్రాణం. సార్ లేచొచ్చి బోర్డు మీద రాపిస్తడు."

దాని కింద నవ్వే బొమ్మలు వరుసగా. వాటి కింద దండం పెట్టే చేతులు. నాకూ నవ్వు వచ్చింది. పక్కన పిల్ల మూలిగింది. నవ్వు ఆగిపోయింది.

ఆయన ఎక్కడ పుట్టారో, ఎన్ని పుస్తకాలు రాశారో రేపు పేపర్లో వేస్తారు. గొప్ప విమర్శకుడనీ, పద్యం చదవడం ఆయన దగ్గరే నేర్చుకోవాలనీ రాస్తారు. అబద్ధం కాదు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా కోపమంతా అక్కడే ఉంది.

నిజామాబాద్‌లో మా డిగ్రీ కాలేజీకి ఆయన తెలుగు చెప్పడానికి బోధన్ నుంచి బస్సులో వచ్చేవారు. నేనూ ఎడపల్లి దగ్గర అదే బస్సు ఎక్కేదాన్ని. డ్రైవర్ వెనక సీటు ఆయనది. వేరేవాళ్ళు కూర్చుని ఉంటే పక్కన నిలబడి, వాళ్ళే లేచేదాకా ఏమీ అనకుండా చూసేవారు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల తెల్లచొక్కా, మణికట్టు దాకా గుండీలు. చాయలో చక్కెర వేయించుకునేవారు కాదు. షుగర్ జబ్బేమో అనుకునేవాళ్ళం. దారిలో చెరుకు ట్రాక్టరు ఎదురైతే బస్సులో పిల్లలందరూ కిటికీల్లోంచి చేతులు చాచి గడ లాగాలని చూసేవాళ్ళు. ఆయన మాత్రం మొహం అటు తిప్పుకునేవారు. మా చిన్నప్పుడే చక్కెర ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయి దెబ్బతిని, ట్రాక్టర్లు తగ్గిపోయాయి. మా బాపు కూడా చెరుకు మాని వరి వేశాడు. ఎప్పుడో ఒకటి కనబడేది. ఆ ఒక్కదాన్ని కూడా ఆయన చూసేవారు కాదు.

ఆయన కళ్ళకు తప్పు కనబడితే ఆగలేరు. బోధన్ బస్టాండు దగ్గర హోటలు బోర్డు మీద ఒత్తు తప్పుగా ఉందని బస్సు వదులుకుని మరీ చెప్పారట. హోటలాయన పూరీ వేయిస్తూ, "సార్, గా ఒత్తు మార్పిస్తే పూరి ఇంకింత పొంగుతదా?" అన్నాడట. ఆయన నవ్వలేదు. మర్నాడూ చెప్పారు, ఆ మర్నాడూ చెప్పారు. చివరికి హోటలాయన విసిగిపోయి మొత్తం బోర్డే తీసేసి ఒక ఇడ్లీ బొమ్మ వేయించాడు. "సార్ బొమ్మల గూడ తప్పు పడ్తడేమో, సూద్దాం" అని బస్టాండంతా చెప్పుకుని నవ్వాడు. ఈ కథ బస్సు కండక్టర్ మాకు చెప్పేవాడు, ఆయన రాని రోజుల్లో.

క్లాసులో మాత్రం ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. పద్యం బోర్డు మీద రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, "ఏం వినబడింది?" అనేవారు. బాగుంది సర్ అని ఎవరైనా అంటే, "బాగుంది అంటే తెలియలేదని అర్థం. కూర్చో" అనేవారు. ఒక పద్యం మీద వారం రోజులు. కొన్నిసార్లు ఒక మాట మీదే. అర్థాలు, అలంకారాలు చెప్పడం ఆయన పని కాదు. ప్రశ్నలు అడిగేవారు, అవీ పోలీసు అడిగినట్టు.

ఒక పాత పద్యం చెప్పారు. కొడుకు యుద్ధానికి పోతుంటే తల్లి అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. తర్వాతి పద్యంలో గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపుతుంది. ఇంటర్లో మాకు అది కంఠపాఠం. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. ఆయన అడిగారు: "ఆమె చెయ్యి ఎప్పుడు కడుక్కుంది?"

అందరం బోర్డు వంక చూశాం.

"పద్యంలో వెతకండి. రెండు పద్యాల మధ్య నీళ్ళున్నాయా? చెంబు ఉందా? కొంగుకు తుడుచుకుందా? లేదు. కడుక్కోలేదు. కొడుకు తిన్న ఎంగిలి చెయ్యి అది. దాంతోనే ఊపింది. కవి ఈ మాట చెప్పలేదు. చెబితే మీరు ఏడ్చి ఊరుకునేవారు. చెప్పలేదు కాబట్టి ఆ చెయ్యి ఇంకా ఆరలేదు."

ఆ రోజు ఇంటికి పోయి అన్నం తిని చాలాసేపు చెయ్యి కడుక్కోలేకపోయాను. మా అమ్మ, "ఏమైందే, చెయ్యెండవెట్టుకొని కూసున్నవ్" అంది. ఏం చెప్పాలి? నాకు ఒక మనిషి కళ్ళు తెరిపించాడని చెప్పాలా? ఇప్పటికీ పిల్లలకు ముద్దలు పెట్టి చెయ్యి కడుక్కునేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. ఆయన ఇచ్చింది కాదనలేను. కాదనగలిగితే ఇంత చేదు ఉండదు.

ఆయనకు పేరు తెచ్చింది ఒక చెరుకు పద్యం మీద రాసిన వ్యాసం. దాన్ని ఒకరోజు క్లాసులో మాకు చదివి వినిపించారు. ఈ దిక్కు పుట్టి, ఎప్పుడో పోయిన ఒక కవిది ఆ పద్యం. చిన్నదే. నడుమ ఈ రెండు వాక్యాలుంటాయి:

గడను పిండితిమి, పానం పోయింది.
తన పిప్పి మంట మీద తానే ఉడికింది.

బెల్లం వండేచోట చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, ఆ పిప్పినే పొయ్యిలో వేసి, దాని రసాన్నే ఉడకబెడతారు. ఆయన వ్యాసంలో గొప్ప మాట క్రియల గురించి. "మొదటి వాక్యంలో పిండింది ఎవరు? మేము. పిండితిమి అన్నారు. రెండో వాక్యంలో ఉడికించింది ఎవరు? చెప్పలేదు. తానే ఉడికిందట. పాపం పెరిగేకొద్దీ చేసినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. క్రియను పట్టుకోండి, కర్త ఎక్కడ దాక్కున్నాడో దొరుకుతాడు." ఈ మాట వింటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ జలదరిస్తుంది.

తర్వాత 'పానం' దగ్గరికి వచ్చారు. పానం అంటే తాగేది. గడ ఒక గిన్నె. రసం గిన్నెలోంచి కారి పోయింది. తాగేవాడు ఎవరు, తాగబడేది ఎవరు, రసం అంటే ఏమిటి, మన పెద్దలు రసాన్ని ఎందుకు పానంతో పోల్చారు, ఇట్లా చాలా దూరం వెళ్ళారు. వ్యాసంలో సగం అదే. దానికే హైదరాబాద్‌లో శాలువా కప్పారు.

క్లాసులో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇళ్ళల్లో పానం అంటే ఒకటే. పానం మంచిగుందా, పానం బాగలేదు, పానం విసికింది, పానం పోయింది. పుట్టినప్పటి నుంచి పోయేదాకా అదే మాట. చెరుకు గడను పిండితే పోయింది రసం కాదు, లేదా రసం ఒక్కటే కాదు. అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. నేను లేచాను. తప్పు పట్టాలని కాదు. ఆయన చదువుతున్న పద్యంలో ఇంకో తలుపు నాకు దొరికిందని, చెబితే సంతోషిస్తారని.

"సర్, మా దిక్కు పానం అంటే ప్రాణం సర్."

ఆయన పెన్ను మూత పెట్టారు. చదివేటప్పుడు ఆయన చేతిలో పెన్ను ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆయన మూత పెట్టడం అప్పటిదాకా మేము చూడలేదు.

"ఏదీ, అను" అన్నారు.

"పానం సర్."

"ఇంకోసారి."

"పానం."

"బోర్డు దగ్గరికి రా. ప్రాణం అని రాయి." రాశాను. "అందులో ప కింద ఏముంది?"

"ర వత్తు సర్."

"నువ్వు అన్నప్పుడు అది ఎక్కడ పోయిందమ్మా? ఎడపల్లి బస్సులో మర్చిపోయి దిగావా?"

క్లాసు నవ్వింది. నా పక్కన కూర్చునే పిల్ల కూడా నవ్వింది. దానింట్లోనూ ర వత్తు లేదు. ఆయన నవ్వలేదు. "నోరు తిరగనివాళ్ళు అనే మాట అది. కవికి నోరు తిరుగుతుంది" అని పెన్ను మూత తీసి, ఆగిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి నా పేరు పానం పిల్ల. "పానం పిల్లా, రికార్డియ్యవే." "పానం పిల్లా, సీటు ఆపిన, రా." ప్రేమగా పిలిచేవాళ్ళు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు. తర్వాత నేను క్లాసులో నోరు తెరవలేదు. తెరిచే ముందు లోపల ఒకసారి అనుకుని, ఒత్తులు లెక్క చూసుకుని, సరిగ్గా ఉందనుకునేసరికి అనాల్సిన సమయం అయిపోయేది. ఇప్పటికీ అంతే. బ్యాంకులో, బడిలో, డాక్టరు దగ్గర, నేను వాక్యం సర్దుకునేలోపు పక్కవాళ్ళ పని అయిపోతుంది.

ఇంతవరకే అయితే పెద్దాయన, చాదస్తం అని మర్చిపోయేదాన్ని. డిగ్రీ అయిపోయాక ఎం.ఏ.లో చేరాలనుకున్నాను. దరఖాస్తు కాగితం మీద ఆయన సంతకం కావాలి. బోధన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను.

వాకిట్లో నులకమంచం మీద ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. నెత్తికి కొంగు, కాళ్ళకు కడియాలు.

"ఎవల బిడ్డవే?"

"సారు కోసం వచ్చిన అవ్వా."

"సారా? గా సారెవలో నాకెర్కలేదు. లోపట నా కొడుకున్నడు. ఆయ్న కావాల్నా?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. పక్కన జరిగి చోటిచ్చింది. నా పేరు అడిగి, తన పేరు గంగవ్వ అని చెప్పింది. ఈ దిక్కు సగం చెరుకు తన చేతి మీదే కొట్టానని, కొడుకు గూడ చిన్నప్పుడు తన ఎంబడే వచ్చి ఆకు దూసేవాడని చెప్పింది. మాట్లాడుతూనే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని లోపలికి పిలిచింది. "ఓ బిడ్డా, జెర ఇటు రారా. నా పానం ఎట్లనో అయితాంది."

లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఏమైందే అవ్వా, ఇప్పటిదాంక మంచిగనే ముచ్చట వెడ్తివి గద."

ఎవరో అనుకున్నాను. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆయన బయటికి వచ్చారు. బనీను మీద ఉన్నారు. చేతుల నిండా, మణికట్టు నుంచి మోచేతి దాకా, సన్నటి తెల్లటి గీతలు. చెరుకు ఆకు కోసిన గీతలు. మా బాపు చేతుల మీదా ఉంటాయి, అందుకే తెలుసు. నన్ను చూడలేదు. నేరుగా వచ్చి ముందు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టారు. తర్వాత మెడ కింద. ఏమీ అడగకుండా కాసేపు అట్లాగే ఉంచి, "ఒళ్ళు సల్లగనే ఉన్నది. ఎండల కూసున్నవ్, గంతే. ఇప్పుడు పానం ఎట్లున్నదే?" అన్నారు.

ఎంత మెత్తగా అన్నారో ఆ మాట. ర వత్తు లేదు. లేదని తెలియనంత సొంతంగా అన్నారు.

అప్పుడు నన్ను చూశారు. చెయ్యి తీసేశారు. లోపలికి వెళ్ళి, చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నారు. ఇది మా క్లాసు గొంతు.

కాగితం ఇచ్చాను. సంతకం చేశారు. పెన్ను మూత పెట్టారు. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, "సర్, ఆ పద్యంలో మాట..." అన్నాను.

నా మొహంలోకి చూడకుండా, "ఇంటి మాట ఇంట్లో ఉంటుంది. రాసిన మాటకు తల్లి ఉండదమ్మా" అన్నారు.

గంగవ్వ మంచం మీది నుంచి, "ఏమంటున్నడే? నీళ్ళన్న తాగిపొమ్మను పిల్లను" అంది.

దారంతా అదే ఆలోచన. అంటే తెలుసు. తెలియక తప్పు చదవలేదు. తెలిసి, తన నోట్లో ఉన్న అర్థాన్ని పద్యంలోంచి తీసేసి, శాలువా కప్పే అర్థాన్ని పెట్టారు. ఎంగిలి చెయ్యి ఎప్పుడు కడుక్కుందో వినబడిన మనిషికి, వాకిట్లో తల్లి రోజూ అనే మాట వినబడకపోవడమేమిటి? వినబడింది. అదే మాట పట్టుకుని ఎక్కడో ఏ గదిలోనో ఆయనను కూడా నిలబెట్టి నవ్వి ఉంటారు. ఉండొచ్చు. నాకు జాలి వేయాలి. వేయలేదు. ఆయన ఆ నవ్వు నుంచి తప్పించుకున్నారు. తప్పించుకుని, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఎం.ఏ.లో చేరలేదు. పెళ్ళి వల్ల అని ఇంట్లో అనుకుంటారు. సంతకం పెట్టిన కాగితం నేనే ఇవ్వలేదు. అక్కడి క్లాసు గదులన్నిటిలోనూ ఎవరో ఒకరు పెన్ను మూత పెడతారనిపించింది.

పెళ్ళయ్యాక రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, గంగవ్వ పోయింది. కర్మకాండ కార్డు మా బాపు ఇంటికి వచ్చింది. ఒక్క అచ్చుతప్పు లేదు. ఉండదు, ఆయన చూసి ఉంటారు. పేరు చోట "శ్రీమతి గంగాంబ గారు" అని ఉంది. మా బాపు కార్డు తిప్పి తిప్పి చూసి, "గీ గంగాంబ ఎవలే? మనకెట్ల ఎర్క?" అన్నాడు. నేను చెప్తే, "గంగవ్వనా? మన చెరుకు గూడ కొట్టింది గద. గట్ల రాస్తె ఎవలొస్తరు? అవ్వతోని చెరుకు కొట్టినోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. వెళ్ళి వచ్చి చెప్పాడు, చాలామంది రాలేదని. చచ్చిపోయిన తల్లి పేరును కూడా దిద్దిన మనిషి ఆయన.

రెండు, ఆయన పుస్తకం మళ్ళీ అచ్చయింది. కొనాలనిపించలేదు. కొన్నాను. ఆ వ్యాసం మారిందేమో చూద్దామని నేరుగా ఆ పేజీ తీశాను. అక్షరం మారలేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట చేర్చారు: "పానము అను మాటకు ఈ ప్రాంతమున వేరొక అర్థము కలదని ఒక విద్యార్థిని చెప్పినది. అది ఇక్కడ అన్వయింపబడదు."

ఒక విద్యార్థిని. నా పేరు లేకుండా అచ్చయిన నా ఒక్క మాట. అన్వయింపబడదట. ఎవరు అన్వయించరు? కర్త లేడు. క్రియను పట్టుకోండి అని ఆయనే నేర్పారు. పట్టుకున్నాను. పుస్తకం మూసి అటక మీద పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.

ఇదంతా అయిపోయింది అనుకున్నాను. పోయిన నెల బడిలో తల్లిదండ్రుల మీటింగులో టీచరమ్మ, మా పిల్ల కడుపునొప్పి వచ్చి క్లాసులో పానం బాగలేదంటే అందరూ నవ్వారని, ఇంట్లో భాష కొంచెం చూసుకోమని మెల్లగా చెప్పింది. నేను తల ఊపాను. టీచరమ్మను ఏమీ అనలేదు. అనాల్సిన వాక్యం సర్దుకునేలోపు తర్వాతి వాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో దిద్దడం మొదలుపెట్టాను. నన్ను చూసి నవ్వినట్టు నా బిడ్డను చూసి నవ్వకూడదు. పెన్ను లేదు, మూత లేదు. పిండి చేతులతో, వెనక్కి తిరగకుండా దిద్దాను.

ఇందాక ఒకసారి కళ్ళు తెరిచింది. "ఎట్లుందే?" అన్నాను. నా నోటి వంక చూసింది. ఏదో వెతుక్కుంది. దాని పెదవులు లోపల్లోపల కదిలాయి. నాకు తెలుసు అది ఏం చేస్తోందో. ఇన్నేళ్ళుగా నేను చేసే పనే. మాట దొరకలేదు కాబోలు. "ఏం లేదమ్మా" అని అటు తిరిగి పడుకుంది.

కాసేపటికి చూస్తే ఎడమ చెవి దిండుకేసి నొక్కుకుంటోంది. చెవి ముట్టుకోబోతే ఏడ్చింది. జ్వరం చెవి నుంచి వచ్చింది. సాయంత్రం నుంచి నొస్తోంది. చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియక చెప్పలేదు. డాక్టరుకు నేను ఏం చెప్పాను ఫోన్లో? ఒంట్లో బాగాలేదు, జ్వరం, అన్నాను. చక్కటి వాక్యం.

అందుకే నిద్ర పట్టలేదు, రాస్తున్నాను. రాస్తుంటే ఇంకొకటి తెలిసింది. ఇది కూడా ఆయన తెలుగులోనే రాస్తున్నాను. ఒత్తులన్నీ ఉన్నాయి. తిట్టడానికి కూడా ఆయన నేర్పిన వాక్యమే కావలసి వచ్చింది. గ్రూపులో పొద్దున అందరూ కలిసి బోధన్ పోదామంటున్నారు, దండ తెద్దామంటున్నారు. "పానం పిల్లా, వస్తున్నవా?" అని ఒకామె అడిగింది. రాను. ఆయన క్లాసులో నేర్పింది నేర్చుకున్నాను. వాకిట్లో ఆయన మొదట తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి, తర్వాత మాట అడగడం కూడా చూశాను. చూసీ అది నేర్చుకోలేదు.

తెల్లారినంక రాస్తున్న ఈ నాలుగు ముక్కలు. జరం జెర తగ్గింది. చెవి డాక్టర్ దగ్గరికి పోవాలె, వాళ్ళ నాయిన బండి మీద వస్తున్నడు. చిన్నోడు లేచి, కండ్లు నలుసుకుంట వాళ్ళక్క దగ్గరికి పోయి, "అక్కా, నీ పానం మంచిగైందా?" అన్నడు.

అది పండుకునే, "పానం కాదు, ప్రాణం. ఏదీ, అను" అన్నది.

వాడు నా దిక్కు సూసిండు. నోరు తెరిచి, మళ్ళ మూసుకున్నడు.

ఇద్దర్ని దగ్గరికి తీసుకున్న. దాని నొసటి మీద ఒక చెయ్యి, వాని నొసటి మీద ఒక చెయ్యి పెట్టి సూసిన. తర్వాత చెప్పిన:

"పానం అనుండ్రి, ప్రాణం అనుండ్రి, మీకేదొస్తే అది అనుండ్రి. మాట దొర్కకుంటే ఊకెనే వచ్చి నా పక్కకు నిలవడుండ్రి. ముందుగాల చెయ్యి పెట్టి సూస్త. ఇంట్ల ఎవల మాట ఎవలు దిద్దొద్దు. నువ్వు తమ్మునిది దిద్దొద్దు, నేను నీది దిద్ద. నిన్న నువ్వన్న మాటల తప్పేం లేదు బిడ్డా. నేను ముందు చెయ్యి పెట్టలే. తప్పు గది."